పలుకని హార్డ్ డిస్కు

పై తరగతుల విద్యార్థులు కొందరు మొన్న మా యింటికి వచ్చి, బీరువా మీదనున్న యొక చిన్న ఇనుప పెట్టెను చూపి, "ఇదేమిటండీ?" అని యడిగిరి. అది ముప్పది నలువది సంవత్సరములకు పూర్వము వాడుకలోనుండిన హార్డ్ డిస్కు. దానిలో పట్టునది 20 మెగాబైట్లు మాత్రమే యని చెప్పగా వారు నవ్విరి. నేటి చేతి ఫోనుతో తీసిన నాలుగైదు ఛాయాచిత్రములకే అది నిండిపోవును గనుక వారు నవ్వుట సహజమే. కాని దానిని ఒక కంప్యూటరులో అమర్చుటకు మాకు ఐదు దినములు పట్టెననియు, ఆ ఐదు దినములలో ఒకరి మూడేండ్ల శ్రమ మా చేతులతోనే నశింపవలసి యుండి తప్పిపోయెననియు చెప్పినప్పుడు వారు కూర్చుండి వినిరి. వారికి చెప్పిన దానినే ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా ఆ వస్తువెట్టిదో తెలియవలెను. హార్డ్ డిస్కు అనగా గట్టి పళ్లెము. అల్యూమినియపు పళ్లెములకు ఇరుప్రక్కల అయస్కాంత గుణము గల పూత పూసి, వానిని ఒక ఇరుసునకు గ్రుచ్చి, ధూళి చొరకుండ పెట్టెలో మూసి త్రిప్పుదురు. ఇట్టి సాధనమును మొట్టమొదట 1956లో ఐ.బి.ఎమ్. వారు వెలువరించిరి. దానిలో 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెడివి. అన్నిటిలో కలిపి పట్టినది సుమారు 50 లక్షల అక్షరములు. 1980 నాటికి అంత సమాచారమును బల్లమీది కంప్యూటరులో ఇముడునట్టి 5¼ అంగుళముల పళ్లెముల డిస్కే పట్టగలిగెను. 1983లో ఐ.బి.ఎమ్. వారి పీసీ-ఎక్స్‌టీ అను యంత్రము 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చెను. మన దేశములో 1984 నవంబరు నాటి కంప్యూటరు విధానము తరువాత ఆ పోలికతో కట్టిన యంత్రములు కళాశాలలకును కార్యాలయములకును విరివిగా రాసాగెను. వానిలో పెక్కింటికి ఫ్లాపీలు పెట్టు నోళ్లు రెండు మాత్రమే యుండెడివి. హార్డ్ డిస్కు కావలసినవారు దానిని వేరుగా కొని, పెట్టె విప్పి, తామే అమర్చుకొనవలసినదే.

మా బీరువా మీదనున్నది సీగేట్ ఎస్‌టీ-225 అనునది. దానిలో పళ్లెములు రెండు. కనుక ముఖములు నాలుగు. ఒక్కొక్క ముఖము మీద 615 వలయములు. ఒక్కొక్క వలయము 17 గళ్లుగా విభజింపబడును. ఒక్కొక్క గడిలో 512 అక్షరములు పట్టును. ఈ నాలుగంకెలను విద్యార్థులు గుణించి చూచుకొనవచ్చును; 2,14,11,840 వచ్చును. నాటి ఫ్లాపీలు 58 కలిపినంత యన్నమాట.

పళ్లెములు నిమిషమునకు 3,600 మారులు తిరుగును. గ్రామఫోనులో సూది పళ్లెమును తాకి పాడించును, ఇందులో తాకరాదు. చదువు తలలు పళ్లెపు వేగము వలన పుట్టు గాలిపొర మీద తేలియుండును. ఆ యెడము తల వెంట్రుక మందములో నూరవ వంతునకు మించదు. కనుకనే సిగరెట్టు పొగలోని నలుసు కూడ దానికి బండరాయి వంటిది. విద్యుత్తు నిలిచినప్పుడు తలలు పళ్లెము మీద వాలును. ఎక్కడ వాలునో అక్కడ సమాచారముండి, ఆ సమయమున డిస్కు కుదుపునకు లోనైనచో, పూత గీచుకొనిపోవును. అందుచేత డిస్కును కదలించుటకు ముందు "పార్కు" అను చిన్న ప్రోగ్రామును నడపి తలలను ఖాళీ వలయము మీదికి చేర్చుట ఆచారముగా నుండెను. తరువాతి డిస్కులు ఈ పని తమంతట తామే చేసికొనినవి. మా డిస్కునకు ఆ తెలివి లేదు.

ఇక ఆ డిస్కులోనున్నదేమో చెప్పవలెను. మా మిత్రులొకరు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో పరిశోధన చేయుచుండిరి. నల్గొండ జిల్లాలో పెక్కు గ్రామముల బావినీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించరాదన్నారు. మించినచోట పిల్లల పండ్లు గారపట్టును. ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు బిరుసెక్కి నడుము వంగిపోవును. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారును ఈ వ్యాధిని గూర్చి విశేషముగా పరిశోధించిరి. మా మిత్రులు ఊరూర తిరిగి, బావి బావికి ఋతువు ఋతువున నీరు తోడించి, పరీక్షించి, ఆ యంకెలను కూర్చుకొనుచుండిరి. మూడేండ్ల పని అది. చీటీలు సగము వానలో తడిసిపోయెను. ఫ్లాపీలు రేకు పెట్టెలో బూజుపట్టి చదువబడకుండెను. బావులనుండి మరల తోడి తెచ్చుకొందమన్న, కొన్ని యెండిపోయెను. కొన్నిటిని రైతులు లోతు చేయించిరి. ఆ నీరు ఇక దొరకదు. కావున అన్ని యంకెలును కలసి యొక్కచోట నున్నది ఆ డిస్కు మీద మాత్రమే. రెండవ ప్రతి చేసికొనకుండుట తప్పేయని ఆయన యొప్పుకొనిరి. నాడు ఒక్కొక్క ఫ్లాపీ వెల విద్యార్థికి బరువే.

డిస్కు మా మిత్రులదే. కాని దానిని ప్రాంగణములోని యొక ప్రయోగశాల యంత్రములో, అక్కడి అధ్యాపకుల యనుమతితో, ఏడాది పాటు ఉంచుకొనిరి. 1989 మే నెలలో ఆయన తార్నాకలోని తమ యింటికి ఫ్లాపీలు మాత్రమే గల పాత యంత్రమును కొని తెచ్చుకొని, డిస్కును అక్కడికి చేర్పవలెనని మమ్ము తోడు రమ్మనిరి. ప్రయోగశాలలో "పార్కు" నడపి, డిస్కును ఊడదీసి, తువ్వాలులో చుట్టి, ఒడిలో పెట్టుకొని రిక్షా ఎక్కితిమి. 1939లో ఆరంభమైన ఆర్ట్సు కళాశాల రాతి భవనము ముందునుండి తార్నాక చౌరస్తా వరకు రిక్షావానిని మెల్లగా పొమ్మని బ్రతిమాలుచునే యుంటిమి. తార్ అనగా తీగ, నాకా అనగా కావలి ద్వారము; తీగల కంచెకుండిన ద్వారము వలన ఆ పేరు వచ్చెనని అచ్చటి పెద్దలు చెప్పుదురు. ఆ వారమంతయు మాకు తీగలతోనే పని గనుక ఈ మాట జ్ఞప్తికి వచ్చినది.

డిస్కునకును కంప్యూటరునకును నడుమ కంట్రోలరు కార్డు అను పలక యొకటి కావలెను. ప్రయోగశాల కార్డు వారి యంత్రములోనే యుండిపోయెను. మేము సికింద్రాబాదు బజారులో వేరొక కంపెనీ కార్డును కొంటిమి. తప్పు అక్కడనే జరిగినది. కాని అది మాకు నాలుగవ దినము వరకు తెలియలేదు.

మొదటి దినము మీట వేయగా డిస్కు తిరిగిన సడియే లేదు. ఇట్టి సమయమున డిస్కును కొట్టి చూచువారు కలరు, అది కూడదు. మొదట విద్యుత్తును చూడవలెను. 1981 నాటి తొలి పీసీకి ఉండిన విద్యుత్తు పెట్టె 63½ వాట్లది. ఎక్స్‌టీకి 130 వాట్లది. డిస్కు ఆగియున్న స్థితినుండి కదలునప్పుడు, తిరుగునప్పటి కంటె ఎక్కువ విద్యుత్తును లాగును. బలము చాలనిచో కదలనే కదలదు, లేక కదలి ఆగును. మా మిత్రుల యంత్రములో పెట్టె పెద్దదే. నాలుగు తీగల కొన వదులుగా నుండెను. గట్టిగా నొక్కగా డిస్కు గుయ్యిమని తిరిగెను. ఆ ధ్వని విని మేము పండుగ చేసికొంటిమి.

పండుగ నిమిషము కూడ నిలువలేదు. కొంతసేపు ఊరకుండి తెర మీద 1701 అను అంకె పడెను. యంత్రము తన్ను తాను పరీక్షించుకొనునప్పుడు హార్డ్ డిస్కు విభాగమునుండి సరియైన బదులు రానిచో ఈ యంకె వచ్చును. డిస్కు చెడినదని దీని యర్థము కాదు. పిలిచినవారికి జవాబు రాలేదని మాత్రమే యర్థము. పిలుపు చేరలేదా, చేరియు పలుకలేదా, పలికియు వినబడలేదా యని విడివిడిగా చూచుకొనవలెను.

ఆ కాలపు డిస్కునకు రెండు పట్టీ తీగలుండెడివి. 34 పోగుల వెడల్పు పట్టీ ఆజ్ఞలను మోయును: ఈ డిస్కు మేలుకొనుము, తలను లోనికి జరుపుము, వెలుపలికి జరుపుము అని. 20 పోగుల సన్న పట్టీ మీద అక్షరములు నడచును. ప్రతి పట్టీకిని ఒక యంచున ఎర్ర గీత యుండును. అది మొదటి సూది వైపున నుండవలెను. వెడల్పు పట్టీ తిరుగబడినచో డిస్కు మీది దీపము ఆరక వెలుగుచునే యుండును. మా దీపము అట్లు వెలుగలేదు గనుక ఆ తప్పు లేదని తెలిసికొంటిమి.

రెండు డిస్కులను ఒకే పట్టీకి తగిలించుట కలదు గనుక ఏ డిస్కును పిలుచుచున్నారో తెలియుటకై ప్రతి డిస్కునకు జంపరు అను చిన్న మూతతో సంఖ్య పెట్టుదురు. ఇక్కడ ఒక చమత్కారము కలదు. పట్టీ కొనయందు కొన్ని పోగులను చీల్చి మెలిత్రిప్పుదురు. ఆ మెలి మూలమున, రెండవదని గుర్తు పెట్టిన డిస్కు కూడ కొనన తగిలించినప్పుడు మొదటిదిగానే పిలువబడును. కనుక అమర్చువాడు రెండు డిస్కులకును ఒకే గుర్తు పెట్టి వదలివేయవచ్చును. సౌకర్యమే; కాని ఫ్లాపీ పట్టీకిని 34 పోగులే, దానికిని మెలియే. రెండును చూపునకు అక్కచెల్లెండ్రవలె నుండును. ఫ్లాపీ పట్టీలో 10 నుండి 16 వరకు ఏడు పోగులు మెలిపడును. హార్డ్ డిస్కు పట్టీలో 25 నుండి 29 వరకు ఐదు పోగులు మెలిపడును. బజారు సంచిలోనుండి మేము తీసి తగిలించినది ఏడు పోగులది! రెండవ దినము సాయంకాలము వరకు కూర్చుండి లెక్కించితిమి గాని పోగులను లెక్కపెట్టవలెనని తోచలేదు. మా మిత్రుల చిన్న తమ్ముడు, ఎనిమిదవ తరగతి పిల్లవాడు, "అన్నయ్యా, ఈ రెండు మెలికలూ ఒకటి కావు" అని చూపెను. పట్టీ మార్చగా 1701 పోయెను.

మూడవ దినము. ఫ్లాపీతో యంత్రమును మేల్కొలిపి, "సి" అను డిస్కును అడిగితిమి. "ఇన్వాలిడ్ డ్రైవ్ స్పెసిఫికేషన్" అని బదులు వచ్చెను. అట్టి డిస్కు లేదని తాత్పర్యము. డిస్కు తిరుగుచున్నది, దీపము మినుకుమనుచున్నది, తల జరుగు టకటక వినబడుచున్నది; అయినను లేదనుచున్నది. సన్న పట్టీని రెండవ డిస్కునకు ఉద్దేశించిన సూదులకు తగిలించినను ఇట్లే యుండును, ఏలయన తల జరుగును గాని అక్షరములు చేరవు. దానిని చూచితిమి, సరిగానే యుండెను. పోయి కార్డు అమ్మిన దుకాణదారుని అడుగగా ఆయన చిరునవ్వు నవ్వి, "ఫార్మాట్ కొట్టండి సార్, లేస్తుంది" అనెను. డీబగ్ అను ప్రోగ్రామును తెరచి జి=సి800:5 అని ముద్రింపుమని కాగితము మీద వ్రాసియిచ్చెను.

ఈ సలహా ఎట్టిదో తెలియుటకు ఫార్మాట్ అను మాటను విడదీయవలెను. ఆ కాలమున మూడు పను లుండెడివి. మొదటిది లోతు ఫార్మాట్. ఇది బీడు భూమిని దున్ని మళ్లు కట్టి గట్లు వేయుట వంటిది; వలయములలో 17 గళ్లకును సరిహద్దు గుర్తులు వ్రాయబడును. రెండవది ఎఫ్‌డిస్క్, ఇది సర్వే చేసి ఈ మేర ఎవరిదో రాళ్లు పాతుట. మూడవది ఫార్మాట్ అనునదే. ఇది కరణము కొత్త చిట్టా తెరచుట. చిట్టా పోయినను పొలములో పైరు ఉండును. నేర్పరి యెవడైనను పొలము చూచి చిట్టా మరల వ్రాయగలడు. కాని మరల దున్నినచో పైరే యుండదు. దుకాణదారుడు చెప్పినది దున్నుమని. కొత్త డిస్కునకు ఆ సలహా సరియైనదే. ఆయనకు మా డిస్కులో ఏమున్నదో తెలియదు, మేము చెప్పలేదు. ఆయనను తప్పుపట్టుటకు లేదు.

ఆ రాత్రి మేము ఆ ఎనిమిది గుర్తులను ముద్రించి, ఎంటరు మీట మీద వ్రేలుంచి యుంటిమి. మూడు దినముల విసుగు, ఉక్క, దోమలు. పైగా ఆ దారి మిక్కిలి సులభము, ఒక్క మీట. అప్పుడు విద్యుత్తు పోయెను. నిత్యము తిట్టుకొను కోతను ఆ యొక్క రాత్రి మాత్రము తరువాత మిక్కిలి పొగడితిమి. చీకటిలో వరండాలో కూర్చుండగా మా మిత్రులు, "రేపు ఒకసారి ప్రయోగశాలలో అడిగి చేయుదము" అనిరి.

మరునాడు ప్రాంగణములో ఆ యధ్యాపకులు మా కథ యంతయు విని యొక్క ప్రశ్న మాత్రమే వేసిరి: "ఈ డిస్కును మొదట దున్నిన కార్డు ఏది నాయనా?" మేము నిలుచుండిపోతిమి. గట్లు వేయునది డిస్కు కాదు, కార్డు. ప్రతి గడి మొదట వ్రాయు గుర్తును, తప్పు పట్టుకొనుటకు కడపట చేర్చు లెక్కను ఒక్కొక్క కంపెనీ వారు ఒక్కొక్క విధముగా ఏర్పరచుకొనిరి. ఒకరి కార్డు వేసిన గట్లు మరియొకరి కార్డునకు గట్లుగానే కనబడవు. దానికి ఆ పొలమంతయు బీడే. కనుకనే లేదని చెప్పినది, అబద్ధమాడలేదు. ఆ కాలపు డిస్కును కదలించువారు దానిని దున్నిన కార్డుతో కలిపి కదలింపవలెను. ఈ యొక్క మాట మాకు మొదటనే తెలిసియుండినచో ఈ వ్యాసము లేదు.

ఆయన తమ యంత్రములోని కార్డును రెండు దినములకు ఎరువిచ్చిరి. ఐదవ దినము మధ్యాహ్నము మరల అమర్చి మీట వేసితిమి. "సి" పలికెను. కాని సగము దూరము చదివి ఆగి, చదువలేనని తెర మీద వ్రాయసాగెను. మా గుండె జారెను. ఇందుకు కారణము హైదరాబాదు ఎండ. ఈ జాతి డిస్కులలో తలను జరుపు మోటారు మెట్టు మెట్టుగా కదలును. వలయమెక్కడనున్నదో వెదకికొనదు, ఇన్ని మెట్లకు ఉండవలెనని నమ్మి నిలుచును. లోహము వేడికి వ్యాకోచించునని మీ భౌతిక శాస్త్ర పుస్తకములోనే కలదు. చల్లని ప్రయోగశాలలో పంకా క్రింద వ్రాసిన వలయములు, మే నెల మధ్యాహ్నము తార్నాక మేడగదిలో, వ్రాసిన చోటికి రవ్వంత తప్పియుండును. డిస్కును నిలువుగా వ్రాసి అడ్డముగా పెట్టినను ఇట్టి భేదమే కలుగును. యంత్రమును ఆపి, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, తలుపులన్నియు తెరచి మరల చదివించితిమి. ఒక్క తప్పు లేకుండ చదివెను.

చదువుట నిదానముగా సాగెను. వేచియున్నప్పుడు మా మిత్రుల తమ్మునికి చెప్పిన సంగతి ఇచ్చట వ్రాసెదము, ఏలయన పిల్లలు దీనికి సంతోషింతురు. వలయములోని 17 గళ్లకు వరుసగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయరు. నాంపల్లి నుమాయిష్‌లోని రంగులరాట్నమును తలచుకొనుడు. ఒక తొట్టెలోనివారిని దింపి టికెట్టు చూచులోపల తరువాతి తొట్టె దాటిపోవును. దానికొరకు పూర్తి చుట్టు వేచియుండవలెను. అట్లు 17 తొట్లకు 17 చుట్లు. దాని బదులు, ఒకటవ తొట్టెకు ఆరు తొట్ల అవతల రెండవ యంకె, దానికి ఆరు అవతల మూడవ యంకె వేసినచో, ఒకదాని పని ముగియుసరికి తరువాతిది సరిగా ఎదుటికి వచ్చును. ఆరు చుట్లలో పని ముగియును. ఐ.బి.ఎమ్. వారు ఎక్స్‌టీలో ఇట్లు ఆరు గళ్ల యెడమునే ఏర్పరచిరి. తరువాత వచ్చిన వేగము గల ఏటీ యంత్రమునకు మూడు చాలెను.

ఏటీ యంత్రములలో మరియొక చిక్కుండెడిది. డిస్కు యొక్క వలయముల లెక్కను యంత్రము బ్యాటరీతో నిలుచు చిన్న జ్ఞాపకములో ఉంచుకొనెడిది. బ్యాటరీ క్షీణించినచో డిస్కున్న సంగతినే మరచిపోయెడిది. ఎస్‌టీ-225 కొలతలు ఆ పట్టికలో రెండవ తరగతి. 2 అని మరల చెప్పిన చాలును. ఇట్టి చోట కూడ ఫార్మాట్ చేసి డిస్కును పోగొట్టుకొన్నవారు కలరు. 1981 నాటి తొలి పీసీలలోనైతే కార్డు మీది ప్రోగ్రామును వెదకు ఏర్పాటే లేదు. 1982 అక్టోబరు నాటి కొత్త చిప్పు వేసిన గాని ఏ డిస్కును పలుకదు. తరువాతి కాలపు డిస్కులలో కంట్రోలరు డిస్కుతోనే కలసి వచ్చుటచే గట్ల చిక్కు తీరిపోయెను.

తెల్లవారి ఏడు గంటల వరకు బావుల యంకెలను రెండు వరుసల ఫ్లాపీల మీదికి ఎత్తితిమి. ఒక వరుస తార్నాకలో, ఒక వరుస ప్రాంగణములో నుంచితిమి. ఒక్కొక్క ఫ్లాపీని వేరొక యంత్రములో పెట్టి చదివి చూచుకొంటిమి. ఎరువు కార్డును ఆ మధ్యాహ్నమే అప్పగించితిమి. అటుపిమ్మట బజారు కార్డును మరల తగిలించి, యంత్రమును అరగంట వేడెక్కనిచ్చి, దుకాణదారుడు వ్రాసియిచ్చిన కాగితమును చూచి జి=సి800:5 అని ముద్రించి, ఎంటరు మీట నొక్కితిమి.